చెక్కలా బిగిసే గాలి

నారాయణఖేడ్ దగ్గరి ఒక చెరువు గట్టు మీద, తెల్లవారి ఎండ ఇంకా పసుపుగా ఉన్న వేళ, నిలబడి తెడ్డు వేస్తూ నడిపే, గాలి నింపే ప్యాడిల్ బోర్డును విప్పి పంపు కొడుతున్నాను. చాప చుట్టలా వచ్చిన వస్తువు పది నిమిషాల్లో పన్నెండున్నర అడుగుల పలక అయింది. లారీ ట్యూబు మీద కూర్చొని వల తీసుకొస్తున్న ఒక పెద్దాయన ఒడ్డుకు చేరి, నేరుగా దాని దగ్గరికే వచ్చాడు. బొటనవేలితో నొక్కాడు. వేలు దిగలేదు. పిడికిలితో గుద్ది చూశాడు.

"గాలేనా సారూ ఇందుల? సెక్క లెక్క గట్టిగున్నది. మా ట్యూబుల గూడ గాలే గదా, మరి గది మెత్తగెందుకుంటది?"

దుకాణంలో బోర్డు కొనేవాళ్లు రంగు అడుగుతారు, ధర అడుగుతారు. అసలు అడగాల్సింది ఆయన అడిగిన ప్రశ్న. దానికి జవాబు తెలిస్తే ఏ బోర్డు కొనాలన్నది సగం తేలిపోతుంది.

ఆయన ట్యూబుతోనే మొదలుపెడదాం. ఆ రబ్బరు సాగుతుంది. విడిగా ఉన్న ట్యూబులో కాస్త గాలి ఎక్కించగానే అది ఉబ్బుతుంది, ఇంకా ఎక్కిస్తే ఇంకా ఉబ్బుతుంది. ఒత్తిడి పెరగడానికి బదులు సైజు పెరుగుతుంది. అదే ట్యూబును లారీ టైరులో పెడితే 100 పి.ఎస్.ఐ. ఒత్తిడి ఉన్న గాలినైనా ఓర్చుకుంటుంది, మీద టన్నుల బరువు మోస్తుంది. గాలి మారలేదు, ట్యూబు మారలేదు. దాన్ని సాగనివ్వకుండా టైరు పట్టుకుంది, అంతే. గాలికి గట్టితనం ఇచ్చేది దాని చుట్టూ ఉన్న కట్టడి.

టైరు గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని పని సులువు. గాలికి గుండ్రటి ఆకారమే ఇష్టం. ఎలాంటి సంచిలో నింపినా దాన్ని గోళంగానో గొట్టంగానో మార్చాలనే చూస్తుంది. పలకలా చదునుగా ఉండమంటే ఉండదు. మన ఇళ్లలో బూరుగుదూది పరుపు గుర్తు చేసుకోండి. పై గుడ్డను, కింది గుడ్డను కలుపుతూ జానెడుకొక చోట దారంతో కుట్టు వేస్తారు. ఆ కుట్లు లేకపోతే దూది ఒకచోట చేరి పరుపు దిండులా ఉబ్బిపోతుంది. ప్యాడిల్ బోర్డు లోపల ఉన్నది కూడా ఆ కుట్టే. కాకపోతే జానెడుకొకటి కాదు, గింజ పట్టేంత సందుకొకటి. రెండు పాలిస్టర్ గుడ్డలను ఒకేసారి నేస్తూ, ఒకదాని నుంచి ఇంకోదానికి వేలకు వేల దారాలను ఒకే పొడవుతో వేలాడదీస్తారు. దీన్ని డ్రాప్ స్టిచ్ అంటారు. ఆ గుడ్డల మీద పి.వి.సి. పూత వేసి, చుట్టూ అంచు అతికి గాలి బయటికి పోకుండా మూస్తారు. గాలి నింపగానే దారాలన్నీ ఒక్కసారి బిగుసుకుంటాయి. పై గుడ్డ పైకి పోలేదు, కింది గుడ్డ కిందికి పోలేదు. పలక తయారైంది.

ఆ దారాలు ఎంత బలాన్ని ఆపుతున్నాయో లెక్క కట్టినప్పుడు నేను నమ్మలేక మళ్లీ కట్టాను. బోర్డు పైభాగం వైశాల్యం సుమారు 2.3 చదరపు మీటర్లు, అంటే 23,000 చదరపు సెంటీమీటర్లు. ఇందులో నింపే గాలి ఒత్తిడి 15 పి.ఎస్.ఐ., అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద కిలోకు కాస్త ఎక్కువ తోపు. మొత్తం 23 టన్నులు దాటుతుంది. నిండా లోడెత్తిన పెద్ద లారీ బరువంత బలం రెండు గుడ్డలను విడదీయాలని చూస్తుంటే, సన్నటి దారాలు పంచుకొని పట్టి ఉంచుతున్నాయి.

ఈ నేతను మొదట వాడింది నీటి ఆటలకు కాదు. 1956లో అమెరికాలోని గుడ్‌ఇయర్ కంపెనీ గాలి నింపితే రెక్కలు విచ్చుకునే విమానం ఒకటి తయారుచేసి ఎగరేసింది. ఇన్‌ఫ్లేటోప్లేన్ అన్నారు దాన్ని. సైనికులు శత్రువుల ప్రాంతంలో చిక్కుకుంటే పెట్టెలో పెట్టి జారవిడవాలని, వాళ్లే గాలి కొట్టుకొని ఎగిరిపోవాలని ఆలోచన. దాని రెక్కల్లో ఉన్నది ఇలాంటి దారాల నేతే. ఇక గాలిని నమ్ముకొని నీరు దాటడమైతే ఎంతో పాతది. క్రీస్తుపూర్వం 9వ శతాబ్దపు అస్సీరియా శిల్పాల్లో గాలి ఊదిన తోలు తిత్తులను పొట్ట కింద పెట్టుకొని నది ఈదుతున్న మనుషులు కనిపిస్తారు. పంజాబులో ఊదిన పశువుల తోళ్లతో జనం నదులు దాటేవారు. పలక మీద నిలబడి తెడ్డు వేయడం ఈనాటి ఆటగా హవాయి దీవుల నుంచి వచ్చింది. 2000 సంవత్సరం ప్రాంతంలో లేర్డ్ హామిల్టన్, డేవ్ కలామా లాంటి సర్ఫర్లు దాన్ని ప్రపంచానికి చూపించారు. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో దుంగలు కట్టిన తెప్ప మీద కెరటాలు దాటిన జాలరికి మాత్రం ఇందులో కొత్తేమీ కనిపించదు.

ఇక ఎంపిక. మొట్టమొదట మందం చూడండి. చాలామంది మందం తేలడానికని అనుకుంటారు. 75 కిలోల మనిషి, పది కిలోల బోర్డు, పది కిలోల సామాను కలిపి 95 కిలోలు. అంత బరువుకు ఈ బోర్డు నీళ్లలో నాలుగు సెంటీమీటర్లే మునుగుతుంది. మరి 15 సెంటీమీటర్ల మందం ఎందుకు? వంగకుండా ఉండడానికి. గాలి పలక గట్టితనం మందం వర్గంతో పెరుగుతుంది. 12 సెంటీమీటర్ల నుంచి 15కు వెళ్తే మందం పెరిగింది పావు వంతే, గట్టితనం మాత్రం ఒకటిన్నర రెట్లు. బోర్డును మూడు మీటర్ల దూరంలో రెండు స్టూళ్ల మీద పెట్టి నడుమ నిలబడ్డామనుకోండి. 15 సెంటీమీటర్ల బోర్డు, 15 పి.ఎస్.ఐ. గాలితో, లెక్క ప్రకారం 120 కిలోల దాకా ఆగుతుంది. 12 సెంటీమీటర్లదైతే 76 కిలోల దగ్గరే నడుము విరిచినట్టు మడతపడుతుంది. మందమైన బోర్డులోనే గాలి 10 పి.ఎస్.ఐ. దగ్గర ఆపేసినా 80 కిలోలకు అదే గతి. నీళ్లు అడుగంతా మోస్తాయి కాబట్టి చెరువులో అలా మడతపడదు గానీ నడుమ కుంగుతుంది, ముక్కు, తోక పైకి లేస్తాయి, ప్రతి తెడ్డుకూ కొంత బలం ఆ ఊపులో పోతుంది. చేయి నొప్పెట్టి 10 దగ్గర పంపు వదిలేసేవాళ్లు తాము డబ్బు పెట్టి కొన్న బోర్డును కాక ఇంకో నాసి బోర్డును నడుపుతున్నారు.

దూరం పోవాలంటే పొడవు కావాలి. ఎందుకో మన పుట్టి చెబుతుంది. పుట్టి గుండ్రంగా ఉంటుంది, బోలెడు మోస్తుంది, బోల్తా పడదు. కానీ ఒక వైపు తెడ్డు వేస్తే గిరగిరా తిరుగుతుంది. దాన్ని సూటిగా నడపడం ఏళ్ల తరబడి అబ్బిన విద్య. పొడవాటి పలకను తిప్పాలంటే రెండు కొసలూ పక్కకు నీటిని తోయాలి. నీరు ఒప్పుకోదు. అందుకే అది తిన్నగా పోతుంది. తోక కింద చేప రెక్కలా ఉండే ఫిన్ కూడా ఈ పనికే.

వేగం సంగతి వేరు. నీటి మీద కదిలే ప్రతిదీ తన ముందు ఒక అల లేపుతుంది. ఆ అల పొడవు పలక పొడవుతో సమానమైన చోట, ఎంత తోసినా తన అలను తానే ఎక్కుతున్నట్టు బరువవుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో విలియం ఫ్రూడ్ చిన్న నమూనా ఓడలను తొట్టెలో లాగి ఈ లెక్కలు తేల్చాడు. దాని ప్రకారం పదిన్నర అడుగుల బోర్డుకు ఆ హద్దు గంటకు 8 కిలోమీటర్లు, పన్నెండున్నర అడుగులదానికి 8.8. తేడా ఇంతేనా అనిపిస్తుంది. కానీ మనం పోయేది 5, 6 కిలోమీటర్ల వేగంతో. పొట్టి బోర్డు ఆ వేగంలోనే తన హద్దుకు దగ్గరపడి ఆయాసపెడుతుంది. పొడవైనది ఇంకా తేలిగ్గా ఉంటుంది. గంటల తరబడి తెడ్డు వేసేటప్పుడు భుజాలకు తెలిసేది ఈ తేడాయే. దూరాలకు వాడే టూరింగ్ బోర్డుల ముక్కు కోసుగా ఉండేది కూడా నీటి మీద ఎక్కకుండా దాన్ని చీల్చుకు పోవడానికే.

వెడల్పు దగ్గర మాత్రం ఎవరి సంగతి వారిదే. పక్కకు ఒరగకుండా నిలబెట్టే బలం వెడల్పు ఘనంతో పెరుగుతుంది. 28 అంగుళాల బోర్డు కంటే 32 అంగుళాలది నాలుగు అంగుళాలే ఎక్కువ, నిలకడ మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు. అయితే వెడల్పు పెరిగితే నీటి అడ్డూ పెరుగుతుంది, తెడ్డును నిలువుగా దించడానికి చేయి చాచాల్సి వస్తుంది. మన దగ్గర చాలామంది ఈత రాకుండానో, వచ్చీ రాకుండానో మొదలుపెడతారు. వాళ్లకు 30 నుంచి 32 అంగుళాలు సరి. పెట్టె మీద రాసిన గరిష్ఠ బరువును నమ్ముకోవద్దు. అది మోయగల అంకె, బాగా నడిచే అంకె కాదు.

ఇప్పుడు మన నేల మాట. విదేశీ వీడియోల్లో బోర్డు కొనే సలహాలన్నీ చల్లటి సరస్సుల సలహాలు. ఇక్కడ ఎండ ఉంది. పొద్దున 25 డిగ్రీల దగ్గర 15 పి.ఎస్.ఐ. నింపి బోర్డును గట్టు మీద వదిలేశామనుకోండి. వేసవి ఎండకు దాని పైభాగం కాలు పెట్టలేనంత కాలుతుంది. లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే ఒత్తిడి 18 దాటుతుంది. అంతకన్నా పెద్ద నష్టం అతుకులది. అంచులను జిగురుతో అతికిన బోర్డుల్లో వేడికి జిగురు మెత్తబడుతుంది, లోపలి ఒత్తిడి అప్పుడే ఎక్కువవుతుంది. మే నెలలో మూసిన కారు డిక్కీలో వారాల తరబడి ఉంచినా ఇదే జరుగుతుంది. కాబట్టి అంచులను వేడితో కరిగించి అతికినవి దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అవే తీసుకోండి. లేత రంగు ఎంచుకోండి. నీళ్లలో లేనప్పుడు చెట్టు నీడకు లాగండి, లేదా కొంత గాలి తీసేయండి. దీనికి రెండో వైపు కూడా ఉంది. మిట్టమధ్యాహ్నం వేడి గాలి నింపి చల్లటి నీళ్లలో దించితే ఒత్తిడి ఒక పి.ఎస్.ఐ. దాకా పడిపోతుంది. దించిన కాసేపటికి గేజీ చూసుకోవాలి.

ఎండ తర్వాత ముల్లు. సింగూరైనా, నల్లవాగైనా, ఊరి చెరువైనా నీళ్లు ఏటా దిగి మళ్లీ ఎక్కుతాయి. దిగినప్పుడు మొలిచిన సర్కారు తుమ్మ, ఎక్కినప్పుడు నీటి కింద దాక్కుంటుంది. పి.వి.సి. ఒక్క పొర ఉన్న బోర్డు తేలిక, చవక. మన జలాశయాల అంచుల్లో మాత్రం రెండు పొరలున్నదే మన్నుతుంది. ఒడ్డున గుర్రపుడెక్క ఉంటే పొడవు ఫిన్ దాన్ని చుట్టుకొని లంగరు వేసినట్టు ఆగిపోతుంది. మార్చుకోగల ఫిన్ ఉన్న బోర్డు తీసుకొని, పొట్టిది, వెనక్కి వాలినది ఇంకొకటి సంచిలో ఉంచుకోవాలి.

పంపును చాలామంది పట్టించుకోరు. బోర్డు ఘనపరిమాణం సుమారు 300 లీటర్లు. దాన్ని నింపడానికి 300 లీటర్ల గాలి, 15 పి.ఎస్.ఐ.కి తేవడానికి మళ్లీ అంత గాలి. మొదటి సగం ఆటలా పోతుంది. రెండో సగంలో పంపు లావే మన బలాన్ని తేలుస్తుంది. గొట్టం అడ్డుకొలత పది సెంటీమీటర్లుంటే చివర్లో 80 కిలోల బరువు మోపాలి. 60 కిలోల మనిషి దాని మీద ఎక్కి నిలబడ్డా కిందికి దిగదు. ఏడు సెంటీమీటర్లుంటే 40 కిలోలు చాలు. కాబట్టి మొదట రెండు వైపులా గాలి తోసి, తర్వాత ఒకవైపుకు మార్చుకునే సన్న గొట్టం పంపు అడగండి. వాల్వు లోపలి పుల్ల పైకి లేచి ఉందో లేదో ముందే చూడండి. మొదటిసారి నేను చూడలేదు. చెమటలు కారుతూ 15 దాకా తెచ్చి గొట్టం ఊడదీయగానే పెద్ద ఈలతో గాలంతా పోయింది, మళ్లీ మొదటి నుంచి కొట్టాను.

తెడ్డు మీ ఎత్తుకు జానెడు పైన ఉండాలి. దాని ఆకు వంపు ముందుకు వాలి ఉండాలి. చూడ్డానికి తిరగేసినట్టుంటుంది గానీ అదే సరైన పద్ధతి.

నిలబడ్డ మనిషి ఒక తెరచాప. మధ్యాహ్నం గాలి లేస్తే పది కిలోల బోర్డును మనతో సహా ఆవలి ఒడ్డుకు తోసుకుపోతుంది. అందుకే ముందు గాలికి ఎదురుగా వెళ్లి, అలసిన తర్వాత గాలితో తిరిగి రావాలి. గాలి పెరిగితే మోకాళ్ల మీద కూర్చోండి. లైఫ్ జాకెట్ వేసుకోవాలి, బ్యాగులో పెట్టుకోవడం కాదు. బోర్డును కాలికి కట్టే తాడు నిలవనీటికి మంచిది. పారే నీటిలో అది చెట్టుకో రాతికో చిక్కితే ప్రాణం తీస్తుంది, అక్కడ నడుముకు కట్టుకొని ఒక్క లాగుతో విడిపోయేది కావాలి. గేట్లు ఎత్తిన రోజుల్లో మంజీర జోలికి అసలు పోవద్దు. సింగూరు దిగువన మంజీర అభయారణ్యంలో మొసళ్లున్నాయి. అవి అభయారణ్యం గీత చూసి ఆగవు. ఆ నీరు హైదరాబాదుకు తాగునీరు కూడా. ఏ జలాశయంలోనైనా అనుమతి అడిగి దిగడమే దారి. నేర్చుకోవాలంటే పడవలు నడిచే, చూసుకునే మనుషులుండే చోటు నయం.

ఆ రోజు పెద్దాయనకు ఇదంతా చెప్పలేదు. అంచు దగ్గర పి.వి.సి. తెగిన పాత ముక్క ఒకటి నా సంచిలో ఉంటే ఇచ్చాను. రెండు గుడ్డలను రెండు చేతులతో పట్టి విడదీశాడు. మధ్యలో తెల్లటి దారాలు దువ్వెన పళ్లలా నిలబడ్డాయి. ఒకదాన్ని గోటితో గిల్లాడు. తెగలేదు. వల అల్లే చేతులు కదా, ఆ నేతను చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గాలి గట్టిది గాదు సారూ," అన్నాడు, "దారం గట్టిది."