బంగారు రంగు డ్రిల్ బిట్: పూత గట్టిదైతే సరిపోతుందా?

మా కుల్కచర్లలో ఒక వెల్డింగ్ షాపు అన్న నన్నడిగిండు: "తమ్మీ, ఈ బంగారు రంగు బిట్‌కు ఎక్కువ పైసలు తీసుకుంటున్నరు. దీంట్ల ఏమన్నా ఉందా, ఉత్త రంగేనా?" నేను బీటెక్ చేసి కోడింగ్ చేసినోణ్ణి, లేత్ మిషన్ ముట్టలేదు. కానీ ప్రశ్న మాత్రం వదల్లేదు.

అసలుదైతే అది టైటానియం నైట్రైడ్. వాక్యూమ్ చాంబర్‌లో టైటానియంని ఆవిరి చేసి, నైట్రోజన్‌తో కలిపి స్టీల్ మీద పొరగా ఎక్కిస్తారు. మందం 2 నుంచి 4 మైక్రాన్లు. వెంట్రుకే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, ఊహించుకోండి! గట్టిదనం కొలిచే వికర్స్ స్కేల్‌లో కింది హైస్పీడ్ స్టీల్ సుమారు 850 అయితే, ఈ పూత 2000 దాటుతుంది.

మరి మెత్తటి ఇనుము మీద ఇదే పూత వేస్తే? ఎండాకాలం చెరువులో చూసే ఉంటారు: పైన ఎండిన గట్టి పెచ్చు, కింద బురద. అడుగు వేస్తే పెచ్చు విరిగి కాలు దిగబడుతుంది. అదే పెచ్చు బండ మీద ఉంటే విరగదు. పూత కథా అంతే. ఇంజినీర్లు దీన్ని గుడ్డు పెంకు ఎఫెక్ట్ అంటారు.

అందుకే ముందు స్టీల్‌ని కాల్చి, చల్లార్చి గట్టిపరుస్తారు. కొన్ని పనిముట్లకు ప్లాస్మా నైట్రైడింగ్ కూడా చేస్తారు, అంటే స్టీల్ పై పొరలోకే నైట్రోజన్‌ని ఎక్కిస్తారు. అప్పుడు గట్టిదనం ఒక్కసారిగా కాకుండా మెట్లు మెట్లుగా మారుతుంది. ఇలాంటి పూతల మీద రీసెర్చ్ మన హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో జరుగుతుంది. 1997లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది.

టెస్ట్ ఎట్లా? 150 కిలోల బరువుతో వజ్రపు మొనను దింపి, గుంట చుట్టూ మైక్రోస్కోప్‌లో చూస్తారు. సన్న పగుళ్లు ఉంటే పర్లేదు, పూత పెచ్చులుగా లేస్తే ఫెయిల్. పూత గట్టిదనం ఒక్కటే తెలియాలంటే మాత్రం దాని మందంలో పదో వంతు లోతు మించి దిగకూడదు. దిగితే కింది స్టీల్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. కాబట్టి డబ్బా మీద పూత నంబర్ ఎంత పెద్దగా ఉన్నా, కింద ఏముందో అది చెప్పదు.

ఇంకోటి, స్టీల్‌ని వేడి చేసినా పసుపు రంగు వస్తుంది, అది పూత కాదు. కొనేటప్పుడు ముందు హెచ్ఎస్ఎస్ గుర్తు చూడండి. గ్రైండర్ మీద పదును పెడితే ఆ చోట పూత పోతుంది, అక్కడి నుంచి కోసేది కింది స్టీలే.