ఉప్పెనలో తడిసిన ఛాయాచిత్రం: డిజిటల్ పునరుద్ధరణ, దాని హద్దులు

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. అటువంటి విపత్తులో మరణించినవారి రూపానికి, తడిసి మిగిలిన ఒక్క ఛాయాచిత్రమే ఆధారం కావచ్చు.

నలుపు తెలుపు ఛాయాచిత్రంలో బొమ్మ జెలటిన్ పొరలోని సూక్ష్మమైన వెండి కణాలతో ఏర్పడుతుంది. నీట నానితే ఆ పొర ఉబ్బి మెత్తబడి, ఆరేటప్పుడు పటం అద్దానికి అతుక్కుంటుంది. మచిలీపట్నం వంటి తీరప్రాంతపు తేమలో దానికి బూజు కూడా తోడవుతుంది. అతుక్కున్న చిత్రాన్ని బలవంతంగా ఊడదీస్తే బొమ్మ అద్దంతోనే పోతుంది. కాబట్టి అద్దంతో సహా స్కాన్ చేయడమే శ్రేయస్కరం. చిన్న చిత్రానికి కనీసం 600 డీపీఐ అవసరం. తొలి స్కాన్‌ను టిఫ్ రూపంలో యథాతథంగా భద్రపరచి, సవరణలన్నీ నకలుపైనే చేయాలి.

గీతలను, మరకలను, మడతలను పక్కనున్న భాగాల ఆధారంగా పూరించవచ్చు. వెలిసిన చోట వెలుగునీడల తేడాను పెంచితే మరుగుపడిన వివరం తేటపడుతుంది. పొర పూర్తిగా లేచిపోయిన చోట మాత్రం తిరిగి రాబట్టడానికి ఏమీ మిగలదు. అక్కడ కృత్రిమ మేధ గీసే కన్ను, పెదవి ఇతర ముఖాల నుండి ఊహించినవే. ఎంత సహజంగా కనిపించినా అవి ఆ వ్యక్తివి కావు. కనుక ముఖంలో నశించిన భాగాన్ని అలాగే ఉంచడం, లేదా పూరించిన ప్రతిపై ఆ సంగతి నమోదు చేయడం పునరుద్ధరించేవారి బాధ్యత. లేనిపక్షంలో మనుమలు తమ అమ్మమ్మగా గుర్తుంచుకునేది మరెవరి ముఖాన్నో.