జాబితాలో పేరు లేకున్నా ‘ఛాలెంజ్ ఓటు’ వేయొచ్చా? ఆ వాట్సాప్ మెసేజ్‌లో నిజమెంత?

మీరు ఉప్పల్‌లోనో నాచారంలోనో ఉంటే, పోలింగ్ ముందు మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ మెసేజ్ చూసే ఉంటారు. జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి, సెక్షన్ 49ఎ కింద ‘ఛాలెంజ్ ఓటు’ అడగొచ్చట. మీ ఓటు ఇంకెవరో వేసేస్తే ‘టెండర్ ఓటు’ అడగొచ్చట. బూత్‌లో టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగట. 2019 లోక్‌సభ ఎన్నికలప్పుడూ ఇది తిరిగింది, 2024లోనూ తిరిగింది.

ఇందులో ఒక్క ముక్కే నిజం. మీ పేరుతో మరొకరు ఓటేసి ఉంటే 49పి నిబంధన కింద మీకు టెండర్ బ్యాలెట్ ఇస్తారు. అయితే అది ఈవీఎంలో పడదు. విడిగా కవరులో ఉంచుతారు, మామూలు లెక్కింపులో కలపరు. 14 శాతం నిబంధన అసలు లేనే లేదు.

మరి ఛాలెంజ్ ఓటు? అది ఓటరు అడిగేది కాదు. ‘ఈయన ఆ ఓటరు కాదు’ అని పోలింగ్ ఏజెంటు 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడాన్నే ఛాలెంజ్ అంటారు. ఇక 49ఎ, ఈవీఎం ఎలా ఉండాలో చెప్పే నిబంధన!

జాబితాలో పేరు లేకపోతే ఆధార్ ఉన్నా, ఓటరు కార్డు ఉన్నా ఓటు వేయనివ్వరు. ఉప్పల్ అసెంబ్లీ స్థానం మల్కాజిగిరి లోక్‌సభ పరిధిలోకి వస్తుంది. దేశంలో అత్యధిక ఓటర్లున్న లోక్‌సభ నియోజకవర్గం అదే. అద్దె ఇల్లు మారినంత మాత్రాన ఓటు మీ వెంట రాదు, ఫారం 8 ఇవ్వాలి. నామినేషన్ల చివరి తేదీ దాటితే ఆ ఎన్నికకు చేర్పులుండవు. మెసేజ్‌ను నమ్మి ధీమాగా కూర్చున్నవాళ్లు నష్టపోయేది ఇక్కడే. పేరుందో లేదో ఎన్నికల సంఘం ఓటరు పోర్టల్‌లోగానీ, 1950కి ఫోన్ చేసిగానీ ముందే చూసుకోండి.

ఇన్నేళ్లయినా దీన్ని ఎవరూ ఎందుకు తీసేయలేదు? ఫేస్‌బుక్, ఎక్స్‌లలో పోస్టు అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఫిర్యాదు చేయొచ్చు, తొలగించమని ఆదేశించొచ్చు. తమ దృష్టికి వచ్చిన ఫేక్ పోస్టులను 3 గంటల్లో తీసేయాలని 2024 మే 6న ఎన్నికల సంఘం పార్టీలను ఆదేశించింది కూడా. వాట్సాప్‌లో మాత్రం మెసేజ్ పంపినవారికి, అందుకున్నవారికి తప్ప కంపెనీకి కనిపించదు. మీరు రిపోర్ట్ కొడితేనే ఆ గ్రూపులోని చివరి 5 మెసేజ్‌లు కంపెనీకి వెళ్తాయి.

అంతకంటే త్వరగా పనిచేయగలిగింది మీ గ్రూపు అడ్మినే. ఎవరు పెట్టిన మెసేజ్‌నైనా అడ్మిన్ అందరికీ కనపడకుండా డిలీట్ చేయొచ్చు. కాకపోతే, ఈలోగా పక్క గ్రూపుకు ఫార్వర్డ్ అయిన కాపీ మాత్రం అక్కడే ఉంటుంది.