ఇల్లు అమ్మే ముందు మేడగది వేడి కూడా చెప్పాలి

మే నెలలో అనకాపల్లిలో రాత్రి పదింటికి మేడగదిలో ఫ్యాను వేస్తే దిగేది వేడిగాలే. పగలంతా కాగిన శ్లాబుకు అరచెయ్యి ఆనిస్తే అప్పటికీ వెచ్చగానే ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి డాబా మీద బిందెలతో నీళ్లు కుమ్మరించిన రోజులు మనలో చాలామందికి గుర్తే. అమ్మానాన్నల తరవాత ఆ ఇళ్లను అమ్మాల్సిన వంతు ఇప్పుడు మనకొస్తోంది.

కొనేవారు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను రశీదు అడుగుతారు. ఆ ఇంటికి వేసవిలో కరెంటు ఎంత కాలుతుందో చెప్పే కాగితం మాత్రం ఆ కట్టలో ఉండదు.

అమెరికాలో మనవాళ్లు ఎందరో ఉంటున్న ఆస్టిన్ నగరం ఈ కాగితాన్ని తప్పనిసరి చేసింది. 2008లో చేసిన ఆర్డినెన్సు 2009 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పదేళ్లు దాటిన ఇంటిని అమ్మాలంటే, కొన్ని మినహాయింపులు తప్ప, ఎనర్జీ ఆడిట్ చేయించి ఆ నివేదికను కొనేవారికి ఇవ్వాలి. అందులో చెప్పిన పనులు చేయించడం మాత్రం అమ్మేవారి ఇష్టం. బ్రిటన్‌లోనూ ఇల్లు అమ్మాలంటే ఏ నుంచి జి దాకా గ్రేడు చూపే సర్టిఫికెట్ కావాలి.

మన దేశంలో ఇళ్లలో ఇంధన పొదుపు కోసం ఎకో నివాస్ సంహిత అనే నియమావళి 2018 డిసెంబరులో వచ్చింది. ఇంధన పొదుపు చట్టానికి 2022లో చేసిన సవరణ నివాస భవనాలనూ ఆ చట్టం పరిధిలోకి తెచ్చింది. కానీ దాని గీత 100 కిలోవాట్ల లోడు. రాష్ట్రాలు తగ్గించుకుంటే తప్ప అనకాపల్లి గవరపాలెంలో రెండంతస్తుల ఇల్లు ఆ లెక్కలోకి రాదు. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు చల్లని పైకప్పును తప్పనిసరి చేసి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికంగా వదిలింది.

నా మటుకు ఆస్టిన్ దారే సరైనదనిపిస్తుంది. ఆస్పత్రి ఖర్చుకో, ఆడపిల్ల పెళ్లికో ఇల్లు అమ్ముకునేవారిని ముందు లక్షలు పెట్టి బాగుచేయించమనడం న్యాయం కాదు. పైగా తాము ఉండబోని ఇంటికి ఎవరైనా చవక పనే చేయిస్తారు. అలాగని అంతా వాళ్ల ఇష్టానికే వదిలేస్తే, సొంత డబ్బుతో పైకప్పు చల్లబరిచిన మనిషికి ధరలో ఫలితం దక్కదు, ఎందుకంటే కొనేవారికి ఆ తేడా కనిపించదు. కాబట్టి చెప్పడం తప్పనిసరి కావాలి, చేయించడం ఐచ్ఛికంగా ఉండాలి.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. 75 వాట్ల పాత ఫ్యాను తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే, రోజుకు పన్నెండు గంటల వాడకం మీద నెలకు సుమారు 16 యూనిట్లు మిగులుతాయి. డాబాకు తెల్లని కూల్ రూఫ్ పూత వేయిస్తే శ్లాబు అంతగా కాగదు.

ఊళ్లో ఇల్లు అమ్మబోయేవారికి నా మనవి ఒక్కటే. దస్తావేజులతో పాటు పన్నెండు నెలల కరెంటు బిల్లులు కూడా కొనేవారి చేతిలో పెట్టండి. మనం పెరిగిన ఇంట్లో రేపు మరో కుటుంబం పిల్లలు నిద్రపోతారు.