ఆ మాటకు సాక్ష్యమేది?

‘నా బతుకింతే. నా వల్ల ఏదీ కాదు.’ దిగులు ముదిరిన మనిషికి ఇది తిరుగులేని తీర్పు. వాదన జరగదు, సాక్షులు రారు, అప్పీలు ఉండదు. ఆ తీర్పును మళ్లీ విచారణకు తెచ్చేది కాగ్నిటివ్ థెరపీ. ఒకే రకం బాధలో ఉన్నవాళ్లు నలుగురూ కూర్చుని ఒకరి ఆలోచనను ఒకరు విచారిస్తే అది బృంద చికిత్స.

దీనికి దారి వేసినవాడు ఫిలడెల్ఫియాలోని మానసిక వైద్యుడు ఆరన్ బెక్. లోపల అణచుకున్న కోపమే దిగులవుతుందన్న ఫ్రాయిడ్ వాదాన్ని రుజువు చేద్దామని ఆయన రోగుల కలలను పరిశీలించారు. అనుకున్న కోపం దొరకలేదు. ఓటమి, నష్టం, తనమీద తనకే చిన్నచూపు కనిపించాయి. రోగులు పైకి ఒకటి చెబుతున్నప్పుడే వాళ్ల లోపల మరో మాటల ధార నడుస్తోందని 1960ల్లో గుర్తించారు. పిలవకుండా వచ్చే ఆ ఆలోచనలను పట్టుకుని నిజానిజాలు తేల్చుకోవడం నేర్పితే దిగులు తగ్గుతుందని చూపారు. 2021లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు.

శ్రీశైలం దగ్గరి సున్నిపెంటలో ఇలాంటి బృందం ఒకటి కూర్చుందనుకుందాం. ఎనిమిది పది మంది ఆడవాళ్లు, వారానికోసారి, గంటన్నర. కొడుకు ఇంటర్ తప్పాడని నెలరోజులుగా గడప దాటని తల్లి నోరు విప్పింది: ‘‘నేనే సరిగ్గా చూసుకోలేదు. ఊరంతా నన్ను చూసి నవ్వుతాండారు.’’

బృందాన్ని నడిపే మనిషి ‘అట్లా అనుకోవద్దమ్మా’ అనదు. ఆ ఓదార్పు ఆమె ఇంట్లో రోజూ వింటున్నదే. ‘‘ఎవరు నవ్వినారక్కా? నువ్వు చూసింది చెప్పు’’ అని అడుగుతుంది.

‘‘కుళాయి కాడికి పోతే ఇద్దరు నన్ను చూసి మాట ఆపేసినారు.’’

‘‘నవ్వినారా, మాట ఆపినారా?’’

‘‘...మాట ఆపినారు.’’

పక్కనున్నామె అందుకుంది: ‘‘ఆ ఇద్దర్లో నేనూ ఉండా గదక్కా. నీకేం చెప్పాల్నో తెలీక గమ్మునుండిపోతిమి.’’

ఒంటరిగా వైద్యుడి ముందు కూర్చుంటే ఈ సాక్ష్యం దొరకదు. బృందం బలమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. పైగా ‘కొడుకు తప్పితే తప్పు తల్లిదే’ అన్న సూత్రాన్ని పక్కింటామెకు వర్తింపజేయమంటే ఎవరికీ నోరు రాదు. ఎదుటివాళ్ల విషయంలో మనం చూపే న్యాయబుద్ధిని మనమీదికి తిప్పుకోవడమే ఈ చికిత్సలో సగం పని. ఆ తల్లి మొదట ‘ఊరంతా నవ్వుతోంది’ అన్న మాటను నూటికి తొంభై పాళ్లు నమ్మింది. చివర్లో యాభై అనొచ్చు. సున్నా కానక్కర్లేదు. వచ్చే వారానికి ఆమెకో పని అప్పజెబుతారు: అదే కుళాయికి అదే వేళకు వెళ్లి తనే ముందు పలకరించాలి, ఏం జరిగిందో వచ్చి చెప్పాలి. చదువు రానివాళ్లకు పట్టికలు అక్కర్లేదు. ఎంత నమ్ముతున్నారో పది గులకరాళ్లలో చూపించమన్నా చాలు. చదువు అంతగా అందని చెంచు గిరిజనుల కోసం ఏర్పడిన ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయం ఉన్న ఊరిలో ఇది ముఖ్యమైన సంగతి.

ఈ చికిత్సను ‘అంతా మంచే జరుగుతుందనుకో’ అనే బోధతో కలిపేయకూడదు. కొన్ని బాధలకు నిజమైన కారణాలుంటాయి. సున్నిపెంట శ్రీశైలం ప్రాజెక్టు కోసం వెలసిన కాలనీ. ఆ ప్రాజెక్టుకు 1963 జూలైలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 885 అడుగుల నీటిమట్టానికి కట్టిన ఆ జలాశయం కింద వందకు పైగా ఊళ్లు పోయాయి; 1981లో జనాన్ని ఖాళీ చేయించారు. సంగమేశ్వరం గుడి నేటికీ నీళ్లు తగ్గాకే బయటపడుతుంది. జీవో 98 కింద రావలసిన ఉద్యోగం కోసం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూసిన నిర్వాసిత కుటుంబాలున్నాయి. అలాంటి ఇంటి కుర్రాడు ‘మాకు అన్యాయం జరిగింది’ అంటే అది వక్రించిన ఆలోచన కాదు, నిజం. దాన్ని చికిత్స పేరుతో చెరపబూనడం క్రూరత్వం. ‘కాబట్టి నేను ఎందుకూ పనికిరాను’ అన్న రెండో వాక్యం దగ్గరే విచారణ మొదలవ్వాలి. మొదటి వాక్యానికి జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం.

ఇదంతా చేయడానికి మనుషులెక్కడున్నారు? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదు. సున్నిపెంట నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్లాలంటే ఘాట్ దిగి, దోర్నాల చుట్టి, ఆత్మకూరు మీదుగా పోవాలి. వారం వారం అంత దూరం ఎవరు పోగలరు?

పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెలు దీనికో జవాబు చెప్పాయి. మన ఆశా కార్యకర్తల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లకు ఈ పద్ధతిలో శిక్షణ ఇచ్చి, దిగులుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. 2008లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాలు చూడండి: బిడ్డ పుట్టిన ఆరు నెలలకు, శిక్షణ పొందినవాళ్లు కలిసిన తల్లుల్లో 23 శాతం మందికే దిగులు మిగిలింది, మిగతావాళ్లలో అది 53 శాతం. వాళ్లు ఇంటింటికీ తిరిగారు. మనకు డ్వాక్రా సంఘాల రూపంలో కూర్చునే అలవాటు ముందే ఉంది.

అయితే పొదుపు సంఘాన్నే చికిత్స బృందం చేసేస్తే కుదరదు. అప్పు కట్టని వదిన ముందు మనసు విప్పడం ఎవరికైనా కష్టం. చిన్న కాలనీలో మాట బయటికి పొక్కితే ఆ మనిషి మళ్లీ రాదు. అందుకే బృందాన్ని విడిగా కూర్చాలి, ఇక్కడ విన్నది ఇక్కడే ఉంచుతామని మొదటి రోజే మాట తీసుకోవాలి. నడిపే ఆశా కార్యకర్తకు పదిహేను రోజులకోసారైనా మానసిక నిపుణుడితో ఫోన్‌లో మాట్లాడే ఏర్పాటు ఉండాలి. నంద్యాల జిల్లా యంత్రాంగం తలచుకుంటే మొదలుపెట్టలేనంత పెద్ద పని కాదిది.

చావు ఆలోచనలు వస్తున్నవాళ్లు బృందం కూర్చునే రోజుదాకా ఆగకూడదు. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.