క్రోమాటిన్ నిర్మాణం - హార్మోను గ్రాహకాలు

జీవకణపు కేంద్రకంలో డీఎన్ఏ, హిస్టోన్లు మొదలైన ప్రోటీన్లు కలిసి ఏర్పడిన సముదాయాన్ని క్రోమాటిన్ అంటారు. హార్మోను తెచ్చిన సందేశం ఏ జన్యువును చేరాలి, దేనిని చేరకూడదు అన్నది చాలావరకు ఈ క్రోమాటిన్ అమరికపైననే ఆధారపడి ఉన్నది. హైదరాబాదు తూర్పు భాగంలో, ఉప్పల్ రోడ్డుపై హబ్సిగూడ వద్ద ఉన్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) క్రోమాటిన్ పరిశోధనకు పేరుపొందిన భారతీయ సంస్థలలో ఒకటి.

నిర్మాణం

ఒక మానవ కణంలోని డీఎన్ఏను సాగదీస్తే సుమారు 2 మీటర్ల పొడవుంటుంది. కంటికి కనిపించనంత చిన్న కేంద్రకంలో ఇది ఇమడవలెనంటే చుట్టుకొనక తప్పదు. ఎనిమిది హిస్టోన్ అణువుల ముద్ద చుట్టూ 147 క్షార జతల డీఎన్ఏ, కండెకు దారం వలె, రెండు చుట్లకు కొంచెం తక్కువగా చుట్టుకొని ఉంటుంది. దీనిని న్యూక్లియోసోమ్ అంటారు. ఈ భావనను 1974లో రోజర్ కోర్న్‌బర్గ్ ప్రతిపాదించగా, 1997లో స్ఫటిక చిత్రణ ద్వారా దీని సూక్ష్మరూపం స్పష్టమైనది. హిస్టోన్ల తోకలకు ఎసిటైల్ సమూహాలు చేరితే వాటి ధనావేశం తగ్గి, చుట్ట వదులవుతుంది. వాటిని తొలగిస్తే తిరిగి బిగుస్తుంది.

గ్రాహకం పని

కార్టిసాల్ వంటి స్టెరాయిడ్ హార్మోను కణంలోకి ప్రవేశించి తన గ్రాహక ప్రోటీనుతో కలుస్తుంది. ఆ జంట కేంద్రకంలోకి వెళ్ళి డీఎన్ఏపై తనకు తగిన 15 క్షార జతల వరుసను వెదకుతుంది. ఇటువంటి వరుసలు జన్యురాశిలో అసంఖ్యాకంగా ఉన్నప్పటికీ, ఒక కణంలో గ్రాహకం పట్టుకొనేది వాటిలో స్వల్పభాగాన్నే. గ్రంథాలయంలో పుస్తకం ఉన్నా, బీరువాకు తాళం వేసి ఉంటే చదువరికి ప్రయోజనం లేదు కదా! కాలేయ కణం, తెల్ల రక్తకణం ఒకే కార్టిసాల్‌కు వేర్వేరుగా స్పందించడానికి ముఖ్య కారణం ఇదే. థైరాయిడ్ గ్రాహకం తీరు వేరు. హార్మోను లేనప్పుడు కూడా అది డీఎన్ఏపైనే ఉండి జన్యువును అణచి ఉంచగలదు.

హార్మోను ప్రభావాన్ని క్రోమోసోముపై కంటితో చూసినవారు క్లెవర్, కార్ల్‌సన్. 1960లో వీరు దోమను పోలిన కైరోనమస్ అనే కీటకపు డింభకాలకు ఎక్‌డైసోన్ ఎక్కించారు. లాలాజల గ్రంథులలోని మహా క్రోమోసోములపై నిర్దిష్ట స్థానాలలో ఉబ్బులు తేలాయి. చుట్టలు విడి, ఆర్ఎన్ఏ తయారవుతున్న చోట్లే ఆ ఉబ్బులు.

గ్రాహకమే తాళం తీస్తుందా, లేక తెరచి ఉన్న చోటికే పోతుందా అన్నది చాలాకాలం చర్చనీయాంశమైనది. ఎలుకల స్తన కణితి వైరస్‌పై జరిగిన పరిశోధనలు మొదటి పక్షాన్ని బలపరిచాయి. అక్కడ గ్రాహకం ఇతర ప్రోటీన్లను పిలిచి న్యూక్లియోసోమును కదిలిస్తుంది. అయితే గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం కొత్తగా చేరే స్థానాలలో 95 శాతం వరకు, హార్మోను రాకముందే తెరచి ఉన్నవేనని 2011లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. రెండూ నిజమే అయినా, మొదటిది అరుదు.

వైద్యంలో ప్రాముఖ్యం

స్తన క్యాన్సర్లలో అధికభాగం ఈస్ట్రోజెన్ గ్రాహకం గలవే. ఆ కణాలలో ఫాక్స్-ఏ1 అనే ప్రోటీను ముందుగా వెళ్ళి క్రోమాటిన్‌ను తెరవనిదే గ్రాహకం చాలా చోట్ల కుదురుకోలేదు. టామాక్సిఫెన్ మందు గ్రాహకాన్ని డీఎన్ఏ నుండి తప్పించదు. ఎసిటైల్ సమూహాలను తొలగించే ప్రోటీన్లను అక్కడికి రప్పించి జన్యువును మూయిస్తుంది. గర్భాశయ పొరలో సహాయక ప్రోటీన్లు వేరు కావడంతో అదే మందు ఈస్ట్రోజెన్ వలె ప్రవర్తించగలదు. కనుకనే, ఈ మందు వాడుతున్న స్త్రీలు అసాధారణ రక్తస్రావాన్ని వెంటనే వైద్యునికి తెలుపవలెను.

హైదరాబాదులో పరిశోధన

సీసీఎంబీ 1977లో పుష్ప మిత్ర భార్గవ సారథ్యంలో మొదలైనది. ఇక్కడ రాకేశ్ మిశ్రా బృందం పండ్ల ఈగలలో క్రోమాటిన్ సరిహద్దు మూలకాలను అధ్యయనం చేసింది. ఒక జన్యువు ఆజ్ఞ పొరుగు జన్యువుపై పడకుండా ఇవి గట్టులా అడ్డుపడతాయి. ఇది నేరుగా హార్మోనులపై జరిగిన పని కాకపోయినా, గ్రాహకం ఏ జన్యువు వరకు ప్రభావం చూపగలదో గ్రహించుటకు అవసరమైనదే. డీఎన్ఏ వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రం (సీడీఎఫ్‌డీ) ప్రయోగశాలలు పూర్వం నాచారంలో ఉండేవి. తరువాత ఆ సంస్థ ఉప్పల్‌లోని సొంత ప్రాంగణానికి మారినది.