అవ్వకు మతి తప్పిందా, ప్రశ్న తప్పిందా?

నెల్లూరుకు తూర్పున, మైపాడు వైపు సముద్రం ఒడ్డున ఒక పల్లె అనుకోండి. చేపల తట్ట మోసి నలుగురు పిల్లల్ని పెంచిన అవ్వకు డెబ్బై దాటాయి. ఈ మధ్య చెప్పిందే చెబుతోందని, పొయ్యి మీద కూర మాడబెడుతోందని కోడలు పట్నంలో డాక్టరుకు చూపించింది.

"అవ్వా, ఈరోజు తారీఖెంత?"

"తారీఖులు నాకేం తెలుసు నాయనా! అమావాస్య పోయి మూడోనాడు."

"వందలోంచి ఏడు తీసేస్తే? అందులోంచి మళ్ళీ ఏడు?"

అవ్వ మాట్లాడలేదు.

"ఈ కాగితం మీద రాసింది చదివి, అలా చెయ్యి."

"చదువే వస్తే తట్టెందుకు మోస్తాను?"

ముప్ఫైకి పదిహేడు మార్కులు. అవ్వకు మతి పోయినట్లేనా?

తొందరపడకండి. ఇది 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ బృందం తయారుచేసిన 'మినీ మెంటల్ స్టేట్' పరీక్ష. 24కు తగ్గితే అనుమానించడం ఆనవాయితీ. కాని బడికి వెళ్ళినవారిని దృష్టిలో పెట్టుకున్న ప్రశ్నలివి. తిథి తప్పకుండా చెప్పిన అవ్వకు రోజు తెలియదనవచ్చునా? చేపలమ్మి చిల్లర సరిగా లెక్కపెడితే లెక్క రాదనవచ్చునా?

దీనికి రెండో వైపు కూడా ఉన్నది. రిటైరైన మాస్టారు ఇదే పరీక్షలో 28 తెచ్చుకుంటారు. ఇంట్లో మాత్రం పింఛను లెక్క తారుమారవుతోంది, తెలిసిన వీధిలోనే దారి తప్పుతున్నారు. చదువు బలం జబ్బును కొంతకాలం కప్పిపుచ్చగలదు. మార్కులు చూసి ఊరుకుంటే మొదటికే మోసం.

ప్రశ్నలను తెలుగులోకి అనువదించినంత మాత్రాన సరిపోదు. వాటిని మన బతుకులోకి తేవాలి. 1995లో ప్రచురించిన హిందీ పరీక్ష ఆ పనే చేసింది. కాగితం చదివించే బదులు "నేను చేసినట్లు చెయ్యి" అన్నారు. వాక్యం రాయించే బదులు "మీ ఇంటి గురించి చెప్పు" అన్నారు. తుర్కీ దేశంలో చదువురాని వృద్ధులకు వేరే పత్రమే తయారుచేశారు. హైదరాబాదు నిమ్స్ వైద్యులు అడెన్‌బ్రూక్ పరీక్షను తెలుగువారికి అనువుగా మలిచారు. భారత వైద్య పరిశోధన మండలి పరీక్షలను సిద్ధం చేసిన అయిదు భాషలలో తెలుగు ఒకటి.

ఇక మీరు చేయవలసినది:

పరీక్షకు వెళ్ళేటప్పుడు కళ్ళజోడు, చెవి మిషను మరిచిపోకండి. వినపడనివారు మతిలేనివారిలా కనిపిస్తారు.

ఎన్నో తరగతి దాకా చదివారో, ఇంట్లో మాట్లాడేది తెలుగో, తమిళమో, ఉర్దూనో డాక్టరుకు ముందే చెప్పండి.

అవ్వ తడబడితే మీరు జవాబు అందించకండి. "అదీ తెలియదా?" అని కసురుకోకండి.

మునుపు చేసిన ఏ పనులు ఇప్పుడు చేయలేకపోతున్నారో, ఎన్నాళ్ళనుంచో రాసి తీసుకెళ్ళండి. పులుసులో ఉప్పు రెండుసార్లు వేయడం, డబ్బు లెక్క తప్పడం, అయినవాళ్ళ పేర్లు మరవడం వంటివి ఏ మార్కులకూ తీసిపోని సాక్ష్యాలు.

ఇది జల్లెడ మాత్రమే, తీర్పు కాదు. థైరాయిడ్ లోపం, బి-12 విటమిన్ లోపం, మనసులోని దిగులు, కొన్ని నిద్రమాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. వీటికి చికిత్స ఉన్నది. కిందపడి తలకు దెబ్బ తగిలాక, లేదా రెండు మూడు రోజులలోనే హఠాత్తుగా మతి తప్పితే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

అల్జీమర్స్ వంటి జబ్బని తేలినా అధైర్యపడవద్దు. దానిని పూర్తిగా నయం చేసే మందు లేదు. కాని ముందుగా తెలిస్తే మందులకూ, ఇంటి ఏర్పాట్లకూ, ఆస్తి కాగితాలకూ వ్యవధి చిక్కుతుంది. అన్నిటికంటే ముఖ్యం, అవ్వ కావాలని చేయడం లేదని ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. అప్పుడు కోడలి విసుగూ తగ్గుతుంది, అవ్వ కంటతడీ తగ్గుతుంది.